ముల్లు కిందికి పడిన రోజు

మామను సమాధి చేసి నెల తిరగకముందే ఆయన కారును పాత ఇనుము కొనే మస్తాన్‌కు ఇచ్చేశాం. నందికొండలో హిల్ కాలనీ వెనక, రెండు గదుల రేకుల ఇంటి పక్కన, నీలం పరదా కింద అది ఏళ్ళ తరబడి నిలబడి ఉంది. టైర్లు సగం దాకా మట్టిలోకి దిగబడ్డాయి. పరదా లాగగానే ఎలుకల వాసన గుప్పున వచ్చింది. దాని వెనకే నాకు బాగా తెలిసిన ఇంకో వాసన వచ్చింది. సీట్లు పగలకుండా మామ రుద్దే కొబ్బరినూనె వాసన అది. మస్తాన్ మనుషులు గొలుసు వేసి బండిని లాగుతుంటే నా భర్త ఆనంద్ గోడకు ఆనుకొని చూస్తూ నిలబడ్డాడు. సాయం పట్టలేదు, ఆపనూ లేదు. మస్తాన్ లోపలికి తొంగిచూసి, "అన్నా, గీ గుండ్రటి మీటర్లు ఇప్పుడు యాడ దొరకయ్. పాత బండ్ల షోకున్నోళ్ళు ఇండ్లల్ల పెట్టుకుంటరు. ఊడదీసి ఇయ్యాల్నా?" అని అడిగాడు. ఆనంద్ వద్దన్నట్టు తల ఊపి ఇంట్లోకి వెళ్ళిపోయాడు. నేనే దగ్గరికి వెళ్ళి చూశాను. టెంపరేచర్ మీటరు అద్దం మీద దుమ్ము పేరుకుంది. వేలితో తుడిస్తే ముల్లు కనిపించింది. అట్టడుగున, చల్లని వైపు పడుకొని ఉంది.

నాకింకా వయసు పెద్దగా మీద పడలేదు. నల్లగొండలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్తాను, తీరిక దొరికినప్పుడు నాలుగు ముక్కలు రాసుకుంటాను. అయినా ఆ రేకుల ఇంట్లో గడిపిన తొలి ఏళ్ళను తలచుకుంటే ఎవరో ముసలమ్మ జ్ఞాపకాలను నేను మోస్తున్నట్టు ఉంటుంది. నా పుట్టిల్లు అచ్చంపేట. పెళ్ళయి నందికొండకు వచ్చేనాటికి తెలంగాణ వచ్చిన కొత్త. ఆఫీసుల బోర్డుల మీద పాత పేరు చెరిపి కొత్త పేరు రాస్తున్న రోజులు. మా రెండు కుటుంబాలూ ఒకప్పుడు గుంట భూమి లేనివే. మా తాత ఒకరింట్లో జీతం ఉండి బతికాడు. మామ తండ్రి డ్యాం కట్టేటప్పుడు రాళ్ళు మోశాడు. ఆ రాళ్ళు మోసినాయన కొడుకు దావీదు డ్రైవర్ అయ్యాడు, ఇంజనీర్ సార్లను ఎక్కించుకొని కాలువల వెంట జీవితమంతా తిరిగాడు. పదవీ విరమణ అయ్యాక, తను ఎన్నో ఏళ్ళు తోలిన తెల్లకారే వేలానికి వస్తే పట్టుబట్టి కొనుక్కున్నాడు. మా వాళ్ళల్లో సొంత కారున్న మొదటి మనిషి ఆయనే. పెళ్ళిచూపులకు ఆ కారులోనే వచ్చారు. మా అమ్మ నన్ను చూడలేదు, పెళ్ళికొడుకును చూడలేదు, కారునే చూసింది.

ఆ ఇంట్లో తెల్లవారడం కారుతోనే మొదలయ్యేది. మామ బకెట్ నీళ్ళు, మెత్తటి పాత ధోతి ముక్క పట్టుకొని బయటికి వచ్చేవాడు. కారుకు స్నానమయ్యాకే తనకు స్నానం. దాని పక్క అద్దంలో చూసుకుంటూ గడ్డం గీసుకునేవాడు. సబ్బు నురగ వాసనా, పెట్రోలు వాసనా కలిసి వాకిలి నిండేది. అటు పక్క కట్టెల పొయ్యి దగ్గర అత్తమ్మ జొన్నరొట్టెలు కొట్టేది. ఆమె పేరు రాహేలమ్మ. రెండు అరచేతుల మధ్య పిండి తిరుగుతుంటే చప్పట్లు కొట్టినట్టు చప్పుడు వచ్చేది. లాంచీల రేవు నుంచి ఆనంద్ తెచ్చిన చేపలు ముందురోజు సాయంత్రమే పులుసు పెట్టి ఉంచేది. చల్లారిన పులుసు మీద నూనె తేలి, చింతపండు పులుపు ముక్కకు పట్టి, పొద్దున రొట్టెతో తింటే ఇంకేమీ అడగాలనిపించేది కాదు. అత్తమ్మ మాటలు తక్కువ మనిషి. కానీ పాట మంచిగా పాడేది. పని చేసుకుంటూ, ఆదివారం ప్రార్థనకు గుడిలో పాడే పాటలు సన్నగా తీసేది. మామ అడుగుల చప్పుడు వినపడగానే, ఎవరో మీట నొక్కినట్టు ఆపేసేది. పెళ్ళయిన కొత్తలో అది మర్యాద అనుకున్నాను.

అది మర్యాద కాదని తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు. మామ పెద్దగా అరిచే మనిషి కాదు. తాగడు, కొట్టడు. ఆయన పద్ధతి వేరు. ముద్ద నోట్లో పెట్టుకొని, నమిలి, కంచం పక్కకు జరిపి, "ఏం తక్కువైంది?" అని అడిగేవాడు. అత్తమ్మ ఉప్పా అనేది, కాదనేవాడు. కారమా అనేది, కాదనేవాడు. ఆమె ముఖం చూస్తూ కూర్చునేవాడే తప్ప తను చెప్పేవాడు కాదు. ఆమె సరిగ్గా చెప్పేదాకా తినేవాడు కాదు, ఆయన తినేదాకా మేమెవరం తినకూడదు. నన్నూ వదల్లేదు. వచ్చిన కొత్తలో ఒకరోజు నల్లాలో నీళ్ళు రాలేదు. మోటారు స్విచ్చి ఎన్నిసార్లు వేసినా ఉలుకూ పలుకూ లేదు. గంటసేపు తంటాలు పడి, పక్కింటి నుంచి నీళ్ళు మోసుకొచ్చి వంట చేశాను. అన్నీ అయ్యాక మామ జేబులోంచి ఫ్యూజు తీసి అరచేతిలో చూపించాడు. "ముందుగాల ఏం చూడాలె బిడ్డా? ఫ్యూజు చూడాలె. ఇగ మర్వవు." అలా చేసే బదులు చెప్తే పోయేది కదా మామా అన్నాను నవ్వుతూ. ఆయన నవ్వలేదు. "చెప్తే చెవుల్నే ఉంటది. కాల్తేనే యాదుంటది" అన్నాడు.

కాలడం అనే మాటను ఆయన ఊరికే వాడలేదు. నేను ఆ ఇంటికి రాకముందు ఒక ఎండాకాలంలో దేవరకొండ దారిలో బండి ఆవిర్లు కక్కితే, ఆనంద్ దిగి, గుడ్డ వేసి రేడియేటర్ మూత తిప్పాడు. ఇంజన్ కాగి ఉన్నప్పుడు ఆ మూత తీయకూడదు. మామకు అది తెలుసు. చేతులు కట్టుకొని పక్కనే నిలబడి చూశాడు. మరుగుతున్న నీళ్ళు ఎగజిమ్మి ఆనంద్ కుడి ముంజేయి తోలు ఊడి వచ్చింది. ఇది నాకు అత్తమ్మ చెప్పింది, ఆ మచ్చ ఏమిటని అడిగితే. కలబంద గుజ్జు పూస్తూ తను ఏడ్చిందట. మామ ఆమెను కసిరి, "ఏడుస్తవేందే? వాడు ఇగ సచ్చేదాంక మర్వడు" అన్నాడట. చెప్పేటప్పుడు అత్తమ్మ గొంతులో కోపం లేదు. అదే నన్ను భయపెట్టింది.

ఆనంద్ లాంచి స్టేషన్‌లో కాంట్రాక్టు మీద పనిచేసేవాడు. టికెట్లు చింపడం, పర్యాటకులను చేయి పట్టి లాంచి ఎక్కించడం, వాళ్ళకు జాకెట్లు తొడగడం. నీళ్ళ దగ్గర ఉన్నప్పుడు వేరే మనిషి. ముసలివాళ్ళను నవ్వించేవాడు, పిల్లలను ఎత్తి అవతల పెట్టేవాడు. ఇంటి మలుపు తిరగగానే భుజాలు కొంచెం ముందుకు వంగేవి. వాకిట్లో కారు కనిపించగానే ఇంకొంచెం. కంటి ఆపరేషన్ అయ్యాక మామ స్టీరింగ్ కొడుకుకు ఇచ్చాడు గానీ, ఆ కారు తనకు రాలేదనీ, తనే దానికి పనివాడుగా కుదిరాననీ ఆనంద్‌కు తెలుసు.

ఒక ఆదివారం నాకు నిన్నటిలా గుర్తుంది. ప్రార్థనకు వచ్చి గుడి ముందు దిగాం, జనం అప్పుడే చేరుతున్నారు. ఆనంద్ ఇంజన్ ఆపబోతుంటే మామ డ్యాష్‌బోర్డు వైపు వేలు చూపించి, పది మందికి వినపడేలా, "ఏమాయెరా ముల్లుకు? గంత గుట్టెక్కొచ్చినం, ఇంజన్ కాలుతాంది, ముల్లు లేస్తలేదు. ఎందుకో చెప్పు" అన్నాడు. జనం మూగారు. పాస్టరుగారు కూడా బైబిలు చంకలో పెట్టుకొని వచ్చి నిలబడ్డారు. ఆనంద్ తెల్లచొక్కా చేతులు మడుచుకొని బానెట్ ఎత్తాడు. రేడియేటర్ దగ్గర చెయ్యి పెట్టి చూశాడు, వేడిగానే ఉంది. అటు చూశాడు, ఇటు చూశాడు. చివరికి, "మీటర్ ఖరాబైనట్టుంది నాయినా" అన్నాడు.

మామ జనం వైపు తిరిగాడు. "ఇన్నరా? మీటర్ ఖరాబైందంట. మా వోడు చెప్తుండు." అందరూ నవ్వారు. "పెట్రోల్ ముల్లు చూసినవా?"

"చూసిన. మంచిగనే ఉంది."

"రెండు ముండ్లకూ కరెంటొచ్చే జాగ ఒక్కటే. అది మంచిగుందంటే కరెంటొస్తున్నట్టే. ఇగ చెప్పు, ఏంది?"

మామ ముందుకు వంగి, ఇంజన్ తలకాయలో బిగించిన చిన్న ఇత్తడి బిరడాను చూపించాడు. దాని కొస లోపల నీళ్ళలో మునిగి ఉంటుంది, నీళ్ళ వేడిని అది ఒక వైరు ద్వారా ముల్లుకు చెప్తుంది. ఆ వైరు బిరడా నుంచి ఊడి పక్కన వేలాడుతోంది. మామ దాని కొసను ఇంజన్ ఇనుముకు ఆనించి, "సరళా, ముల్లు చూడు" అన్నాడు. నేను కిటికీలోంచి చూశాను. ముల్లు నిద్ర లేచినట్టు లేచి ఎర్రగీత దాకా పోయింది. "లేసింది మామా" అన్నాను. "లేసిందంటే మీటర్ మంచిగుంది, వైరు మంచిగుంది. ఇగ వైరు పెట్టినంక కూడ లేవకపోతే, అప్పుడు బిరడా ఖరాబైనట్టు." వైరును బిరడాకు తగిలించాడు. ముల్లు కిందికి దిగివచ్చి సగం దగ్గర నిలబడింది. జనం ఆహా అన్నారు. నిజం చెప్పాలంటే నేనూ అన్నాను. అంత తేలిగ్గా, ఒక్కొక్క అనుమానాన్ని పక్కన పెడుతూ, తప్పు ఎక్కడుందో పట్టుకోవడం నాకు ఏ బడిలోనూ ఎవరూ చూపించలేదు. ఇంత తెలిసిన మనిషి మంచివాడు అయివుంటే ఎంత బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను.

"ఎట్ల ఊడిందంటవు దావీదూ?" అని పాస్టరుగారు అడిగారు.

"ఊడలేదయ్యగారూ. పొద్దుగాల నేనే ఊడదీసిన. వీడు చూస్తడా లేదా అని."

మళ్ళీ నవ్వులు. ఈసారి ఆనంద్ కూడా నవ్వాడు, బూట్ల వైపు చూసుకుంటూ. అత్తమ్మ మాత్రం కొంగు సర్దుకొని గుడిలోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మామకు అదొక ఆట అయిపోయింది. చుట్టాలు వచ్చిన రోజు, లాంచి స్టేషన్ వాళ్ళు వచ్చిన రోజు, ఆ వైరు ఊడేది. ఆనంద్ మెల్లగా ఆ ఒక్క పాఠం నేర్చుకున్నాడు. ముల్లు అట్టడుగున పడి ఉందంటే నాయిన వేలు పెట్టాడన్నమాట.

మామ ఎందుకలా ఉండేవాడో అడిగితే అత్తమ్మ ఒకసారి చెప్పింది. కుర్రతనంలో ఆయనకు పని నేర్పిన ఉస్తాద్ పానాతో కొట్టేవాడట. తప్పు పానా అందిస్తే అదే పానాతో వేళ్ళ మీద. మామ ఎడమచేతి చిటికెనవేలు చివరిదాకా వంకరగానే ఉంది. "నేనైతే కొడ్తలేను గద" అని ఆయన అనేవాడు, అందులో ఆయనకు గొప్ప కూడా ఉండేది.

నేను చెప్పాలనుకున్న రోజు ఒక ఎండాకాలం పొద్దు. అత్తమ్మ రొట్టె కొడుతూ ఉంది. చప్పుడు ఆగిపోయింది. మామ వచ్చాడేమో అనుకున్నాను. వెళ్ళి చూస్తే పిండిముద్ద బూడిదలో పడి ఉంది, అత్తమ్మ కుడిచేతిని ఎడమచేతితో పట్టుకొని దాన్నే చూస్తోంది. ఏమైందత్తమ్మా అంటే నోరు ఒక పక్కకు పోయింది, మాట ముద్దగా వచ్చింది. నేను కేక వేశాను. ఆనంద్ పరుగెత్తుకొచ్చి తల్లిని లేపి కూర్చోబెట్టాడు. అంబులెన్సుకు ఫోన్ చేద్దామని నేను ఫోన్ తీస్తే మామ ఆపాడు. "ఇంట్ల బండి పెట్టుకొని ఇంకోని బండి కోసం ఎదురుచూసుడేంది? నల్లగొండ పెద్ద దవాఖానకు పోదాం, నడువుర్రి." ఆనంద్ తల్లిని ఎత్తుకొని వెనక సీట్లో పడుకోబెట్టాడు. ఆమె తల నా ఒళ్ళో. మామ ముందు, కొడుకు పక్కన కూర్చున్నాడు. ఆ తొందరలో ఎవరూ బానెట్ ఎత్తలేదు.

పెద్దవూర దాటాక నేను ముందు సీట్ల సందులోంచి చూశాను. ముల్లు సగం దాటింది. ఆనంద్ చూడలేదు. అతని కళ్ళు రోడ్డు మీద, లేకపోతే అద్దంలో తల్లి మీద. మామ మాత్రం చూస్తున్నాడు. ఆయన తల రోడ్డు వైపే ఉంది గానీ, కళ్ళద్దాల లోపల కళ్ళు మీటరు మీద ఉన్నాయి. పెదవులు బిగించి ఉన్నాయి. ఆ ముఖం నాకు తెలుసు. అన్నం ముందు కూర్చొని "ఏం తక్కువైంది?" అని అడిగాక పెట్టే ముఖం అది. ముల్లు ఎర్రగీతకు చేరింది, కాసేపు అక్కడే వణికింది. మామ చెప్తాడనే అనుకున్నాను. అత్తమ్మ ఊపిరి గురగురమంటోంది, నేను ఆమె పెదవి పక్కన కారే చొంగ తుడుస్తున్నాను. మళ్ళీ తల ఎత్తేసరికి ముల్లు జారిపోయింది. ఎర్రగీత మీది నుంచి సగానికి, సగం నుంచి అట్టడుగుకు పడిపోయింది. హమ్మయ్య, చల్లారింది అనుకున్నాను. ఆనంద్ అప్పుడు చూశాడు.

"నాయినా, ముల్లు కిందనే పడి ఉంది. మళ్ళ వైరు ఊడదీసినవా?"

మామ కిటికీలోంచి బయటికి చూశాడు. అవుననలేదు, కాదనలేదు.

"గీ పూట కూడ ఇదేనా నాయినా?" అన్నాడు ఆనంద్. ఆ మాట చాలా మెల్లగా అన్నాడు. అని, యాక్సిలరేటర్ ఇంకా గట్టిగా తొక్కాడు.

ఎంతో దూరం పోలేదు. ముందు కాలిన వాసన వచ్చింది. తర్వాత బానెట్ కింద ఎవరో సుత్తితో కొట్టినట్టు చప్పుడు. బండి ఒక్కసారి గుంజుకొని, చింతచెట్ల నీడ కూడా లేని చోట రోడ్డు పక్కన ఆగిపోయింది. తాళం తిప్పితే ఇంజన్ కదలలేదు, బిగుసుకుపోయింది. ఆనంద్ రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకొని అలాగే కూర్చున్నాడు. అప్పుడు మామ మాట్లాడాడు.

"పొద్దుగాల నీళ్ళు చూసినవారా?"

అదే ఆయన మొదటి మాట. వెనక సీట్లో పెళ్ళాం ఒక పక్క పడిపోయి ఉంది. ఎండ కారు పైకప్పును పెనంలా కాలుస్తోంది. ఆయన కొడుకును ప్రశ్న అడిగాడు.

రోడ్డు మీద ఆనంద్ చేతులు ఊపుతూ పరుగెత్తాడు. చాలాసేపటికి గడ్డి వేసుకొని పోతున్న ట్రాలీ ఒకటి ఆగింది. గడ్డి సగం దింపేసి, మిగిలిన దాని మీద అత్తమ్మను పడుకోబెట్టి హాలియా దాకా, అక్కడి నుంచి కిరాయి జీపులో నల్లగొండ. దవాఖానలో డాక్టరమ్మ పరీక్ష చేసి, ఇలాంటి వాటికి కొన్ని గంటలే గడువుంటుందమ్మా, ఆ గడువు దాటింది, ఇంక మందులతో ఉన్నదాన్ని కాపాడుకోవాలి అంది. ప్రాణం దక్కింది. కుడి చెయ్యీ కాలూ పోయాయి. మాట పోయింది. ముందే వచ్చి ఉంటే దక్కేవా అని ఆనంద్ అడిగాడు. దక్కేవేమో, చెప్పలేం అంది ఆమె. ఆ "చెప్పలేం" అతనికి వినపడలేదు.

అత్తమ్మను ఇంటికి తెచ్చాక చుట్టాలు చూడవచ్చారు. ఆలేరు నుంచి మామ అక్క వచ్చింది, అచ్చంపేట నుంచి మా అమ్మానాన్నలు వచ్చారు. వచ్చినవాళ్ళందరికీ మామ వాకిట్లో కుర్చీ వేసుకొని అదే కథ చెప్పాడు. రేడియేటర్ కింది పైపు పగిలింది, నీళ్ళన్నీ కారిపోయాయి, వీడు చూసుకోలేదు, ఇంజన్ కాల్చిండు, తల్లి నోరు కాల్చిండు. ఆనంద్ అక్కడే తలుపు పక్కన నిలబడి విన్నాడు. ఎవరో అడిగారు, అయితే ముల్లు పైకి లేవాలి కదా, కిందికి పడ్డదంటాడేమిటని. మామ చేయి ఎత్తి, గుడి ముందు చెప్పినట్టే విడమరిచి చెప్పాడు. "నీళ్ళున్నంత సేపే బిరడాకు వేడి తెలుస్తది. నీళ్ళు మొత్తం పోయినంక అది గాలిల ఉంటది. గాలిల ఉంటే ముల్లు కిందికే పడ్తది. ఎర్రగీత దాంక పోయిన ముల్లు దబ్బున కిందవడ్డదంటే చల్లారినట్టు కాదు, నీళ్ళు ఒడిసినట్టు. బండి అప్పుడే ఆపాలె. గదిగూడ తెల్వదు వీనికి."

నేను అత్తమ్మకు జావ తాగిస్తున్నాను. గిన్నె కింద పెట్టి వాకిట్లోకి వచ్చాను.

"మామా, నీకైతే తెలుసు గద?"

"ఏంది?"

"ముల్లు ఎర్రగీతకు పోయినప్పుడు నువ్వు చూసినవు. కిందవడ్డప్పుడు గూడ చూసినవు. నేను నిన్ను చూసిన. నీళ్ళు ఒడిసినయని నీకప్పుడే తెలుసు గద?"

మామ అబద్ధమాడతాడనుకున్నాను. కళ్ళు కనపడలేదంటాడు, ఆపరేషన్ అయిన కన్ను అంటాడు అనుకున్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి పంచెతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

"తెలుసు. వాడే ఆపుతడేమోనని చూసిన."

అంతే. లోపల మంచం మీద అత్తమ్మ ఉంది, ఆమెకు వినపడుతుంది. చెవులు పోలేదు, మాటే పోయింది. మామ అక్క నా వైపు తిరిగి, "పెద్దమనిషిని నలుగుర్ల నిలబెట్టి అడుగుడేందమ్మా? కోడలు పిల్లవు, జర నోరు దగ్గర పెట్టుకో. అయిందేదో అయింది" అంది. మా నాన్న నన్ను చెయ్యి పట్టి లోపలికి తీసుకెళ్ళాడు. ఆ రోజు వాకిట్లో తప్పు చేసినదాన్ని నేనొక్కదాన్నే.

అత్తమ్మ ఆ తర్వాత కొన్నేళ్ళు బతికింది. మామ ఆమెకు మాట నేర్పించడానికి పూనుకున్నాడు. ఆయనకు తెలిసిన పద్ధతి ఒక్కటే. నీళ్ళ గ్లాసు ఆమె కళ్ళ ముందు పట్టుకొని, "నీళ్ళు అను. అంటేనే ఇస్త" అనేవాడు. అత్తమ్మ నాలుక తిప్పడానికి మెడ నరాలు ఉబ్బేలా ప్రయత్నించేది. నీ అనే మొదటి అక్షరం కూడా వచ్చేది కాదు. కళ్ళ వెంట నీళ్ళు కారేవి, గ్లాసు మాత్రం దగ్గరికి వచ్చేది కాదు. ఒకసారి నేను ఆ గ్లాసు ఆయన చేతిలోంచి లాక్కున్నాను. "నువ్వే దాన్ని ఖరాబు చేస్తున్నవు. అడగకుండ ఇస్తే ఎప్పుడు మాట్లాడ్తది?" అన్నాడు. నేను బడిలో పనికి కుదిరాక, మేమిద్దరం ఇంట్లో లేని వేళల్లో ఆమె ఎంత దాహంతో ఉండేదో నాకు తెలియదు. పక్కింటి ఫాతిమా బీకి తాళం ఇచ్చి వెళ్ళేదాన్ని. పాపం ఆమె పని మధ్యలో రెండు మూడుసార్లు వచ్చి తాగించిపోయేది.

చివరికి అత్తమ్మకు ఒక మాట వచ్చింది. ఒకరోజు మామ గ్లాసు పట్టుకొని మంచం దగ్గరికి వస్తుంటే, ఎడమచెయ్యి ఎత్తి, స్పష్టంగా, "వద్దు" అంది. మామ సంతోషపడ్డాడు. నా పద్ధతి పనిచేసిందని గుడిలో సాక్ష్యం చెప్పాడు, సంఘమంతా దేవునికి స్తోత్రం అంది. ఆ తర్వాత ఆమె ఇంకో మాట నేర్వలేదు. నా చేతి అన్నం తినేది, ఆనంద్ చేతి నీళ్ళు తాగేది. మామ దగ్గరికి వస్తే మాత్రం వద్దు. దుప్పటి కప్పబోతే వద్దు. మంచం పక్కన కుర్చీ వేసుకుంటే వద్దు. పోయేరోజు కూడా ఆయన చెయ్యి పట్టుకోబోతే అదే మాట అని, ముఖం గోడ వైపు తిప్పుకుంది. సమాధి చేసి వచ్చాక మామ రోజూ సాయంత్రం, ట్రాక్టరుతో ఇంటికి లాగించి తెచ్చుకున్న ఆ చచ్చిన కారులో, స్టీరింగ్ ముందు, తలుపు వేసుకొని కూర్చునేవాడు. ఏడ్చేవాడో లేదో నాకు తెలియదు. నేను వెళ్ళి చూడలేదు.

మేం నల్లగొండకు మారాం. మా కూతురు మెర్సీ అక్కడే పుట్టింది. చివరి ఏడాది మామ మంచాన పడితే ఆనంద్ ఆయన్ను తెచ్చుకొని, ఎత్తి, కడిగి, స్నానం చేయించాడు. ఒంటి మీద చెంబుడు నీళ్ళు పోయగానే, "ఏం తప్పు చేసినవో చెప్పు" అనేవాడు మామ. ఆనంద్ కాసేపు ఆలోచించి, "వేడెక్కువైనయా నాయినా?" అనేవాడు. ఆయన ఏ రోజూ క్షమాపణ అడగలేదు, అడగాలని ఆయనకు తోచిందనీ నేను అనుకోను. ఇప్పుడు మా ఇంట్లో కారు నేనే తోలుతాను. ఆ రోజు తర్వాత ఆనంద్ స్టీరింగ్ ముట్టుకోలేదు. మా చిన్న కారులో ముల్లు లేదు. చల్లగా ఉంటే నీలం దీపం, మరీ కాగితే ఎర్రదీపం వెలుగుతాయి, గంట కూడా మోగుతుంది. ఎవరి ముఖమూ చూసి తెలుసుకోవాల్సిన పని లేదు. అదొక్కటే ఈ కాలంలో నాకు నచ్చింది అంటే మెర్సీ నవ్వుతుంది.

మస్తాన్ ట్రాలీ వెళ్ళిపోయాక మేమిద్దరం నల్లగొండకు బయలుదేరాం. పెద్దవూర దాటాక ఆ చోటు వచ్చింది, పోయింది. హాలియాలో టీ తాగుదామని ఆపాను. బల్ల మీద కూర్చున్నాక ఇంక ఉండబట్టలేక అడిగాను.

"ఇగనన్న ఆ బరువు దించుకుంటవా? తప్పు నీది కాదు. మామ తన నోటితోనే ఒప్పుకున్నడు గద, చూసిన అని. నలుగుర్ల ఒప్పుకున్నడు."

ఆనంద్ టీ గ్లాసు కింద పెట్టాడు. "అవును, ఒప్పుకున్నడు. ఆయన చూసిండు సరళా. ఆపరేషన్ అయిన కంటితోని, పక్క సీట్ల కూసొని చూసిండు. స్టీరింగ్ పట్టుకొని నేను చూడలే."

మామ మట్టిలో కలిశాడు, కారు ఈపాటికి ముక్కలవుతూ ఉంటుంది, అయినా ఈ మనిషి ఆ ప్రశ్న ముందే నిలబడి ఉన్నాడు. టీ డబ్బులిచ్చి వచ్చేసరికి ఆనంద్ మా కారు బానెట్ ఎత్తి, తెల్లడబ్బాలో నీళ్ళు చూస్తున్నాడు. గీత దాకా ఉన్నాయి. మూసి, తలుపు దాకా వచ్చినట్టే వచ్చి, మళ్ళీ వెళ్ళి ఎత్తి చూశాడు.